పాట అయిపోయాక

"చేత్తో ఏరకు!" అని తమ్ముడు అరిచేలోపే అక్క వేలు తెగింది.

నాన్న ఫొటో గోడకి వంకరగా వేలాడుతోంది. దాని అద్దం మాత్రం నేల మీద ముక్కలై ఉంది. ఆ ముక్కల మధ్య బోర్లా పడ్డ చిన్న నల్ల స్పీకరు ఇంకా పాడుతూనే ఉంది. ఎవరో ఎవరినో వెన్నెల్లోకి రమ్మని బతిమాలుతున్నాడు.

మరదలు వంగి దాని నోరు నొక్కేసింది.

కిటికీ పక్క కుర్చీలో అమ్మ. స్పీకరు విసిరిన చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, అది వేరెవరిదో అయినట్టు చూసుకుంటోంది.

"అయిందా నీ వైద్యం?" అన్నాడు తమ్ముడు. బస్సుల డిపో నుంచి వచ్చి ఇంకా చేతులైనా కడుక్కోలేదు. గోళ్ళ నిండా గ్రీజు. "పాటలు వినిపిస్తే అమ్మ మళ్ళీ మనుషుల్లో పడుతుందన్నావు. పడలేదు. స్పీకరు నాన్న నెత్తిన పడింది."

"నేను అనలేదు. డాక్టర్ అన్నాడు."

"డాక్టర్ అంటాడు. ఆయనింట్లో అద్దాలు పగలవు కదా."

అక్క తెగిన వేలు నోట్లో పెట్టుకుంది. జవాబు చెప్పకపోవడానికి అదొక వంక.

"రేపు పొద్దున అమ్మని తీసుకెళ్ళడానికి హోమ్ వాళ్ళు వస్తున్నారు," అన్నాడు. "ఈసారి వద్దని ఫోన్ చెయ్యను. ముందే చెబుతున్నా."

"నెలాఖరు దాకా ఆగుతానన్నావు."

"ఆగాను. పెట్టింది తింటోంది, కూర్చుంటోంది, పోనీలే అనుకుని ఆగాను. ఇవాళ స్పీకరు విసిరింది. రేపు మరుగుతున్న గిన్నె విసిరితే? ఇంట్లో రోజంతా ఉండేది నువ్వు కాదు. ఇది." తల తిప్పకుండానే బొటనవేలితో పెళ్ళాన్ని చూపించాడు.

"నన్ను ఆ లెక్కలోకి లాగకండి," అంది మరదలు చీపురు తెస్తూ. "అత్తయ్యని పంపమని నేనెప్పుడూ అడగలేదు. 'ఇది' అని కూడా అనకండి. నేనేం డిపోలో విడిభాగాన్ని కాదు."

అన్యాయం ఏమిటంటే, నిన్నటిదాకా అంతా బాగానే ఉంది.

నాన్న పోయాక అమ్మ మాట తగ్గించింది. తర్వాత తిండి తగ్గించింది. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకోవడం ఒక్కటే పనిగా పెట్టుకుంది. స్పీకరు వచ్చిన రోజున లేచి కూర్చుంది. తల ఒక పక్కకి వంచి, కళ్ళు మూసుకుని, పాట తర్వాత పాట వింది. నోటికందించినది తినేసింది. ఆ దృశ్యాన్ని అక్క ఫోన్లో తీసి, పనిచేసే చోట అందరికీ చూపించుకుంది.

చూపించుకోవాలనిపించేంత కష్టపడింది మరి. నాన్న రేడియో రిపేరు షాపు మూసేశాక అటక ఎక్కిన క్యాసెట్లన్నీ దించి, ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించింది. చెవుల క్లినిక్‌లో వినికిడి పరీక్షలు చేసే మనిషి ఆమె. మాటలోంచి రొదని విడదీయడం రోజూ ఉన్న పనే. బుసలూ, చిటపటలూ, పాటకీ పాటకీ మధ్య గరగరలూ అన్నీ ఓపిగ్గా తీసేసింది. కడిగిన గాజుగ్లాసులా ఉంది ప్రతి పాటా.

"నాన్న ఉంటే మెచ్చుకునేవాడు," అని తమ్ముడే అన్నాడు ఆ రోజు.

ఇప్పుడు అదే తమ్ముడు ఫొటోని గోడ నుంచి దించి, చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.

"ఇంట్లో ఇన్ని వస్తువులుండగా నాన్న ఫొటో మీదికే ఎందుకు విసిరింది? అసలు నాన్నెవరో గుర్తుందా ఈవిడకి? అక్కా, ఒప్పుకో. మనిషి మనకి అందనంత దూరం వెళ్ళిపోయింది. ఎదురుగా ఉన్నది ఎవరో కూడా తెలీడం..."

"తెలుసురా. బాగా తెలుసు."

చీపురు చప్పుడు ఆగింది.

అమ్మ గొంతు విని ఎన్నాళ్ళయిందో. వాడక తుప్పు పట్టిన గడియ తీసినట్టు వచ్చింది ఆ గొంతు.

"గురి చూసే విసిరాను," అంది అమ్మ.

తమ్ముడు ఫొటోని గుండెకి ఆనించుకున్నాడు, రెండోసారి విసురుతుందేమో అన్నట్టు.

అక్క వెళ్ళి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. "ఎందుకమ్మా? నీకిష్టమైన పాటలే కదా పెట్టాను?"

"నాకిష్టమని ఎవరు చెప్పారు?"

"డాక్టర్ అడిగినప్పుడు..."

"డాక్టర్ నన్నడిగాడు. మీరిద్దరూ చెప్పారు. నాన్న వినే పాటలంటే మా అమ్మకి ప్రాణం అన్నారు. ఒకరు మొదలెడితే ఒకరు పూర్తి చేశారు. నేనక్కడే కూర్చున్నాను. నా ప్రాణం ఎక్కడుందో మీ నోటితో విన్నాను."

మరదలు ముక్కుతో చిన్న శబ్దం చేసింది. నవ్వో, నిట్టూర్పో. తమ్ముడు అటు చూసేసరికి చీపురు మళ్ళీ కదిలింది.

"ఇష్టం లేకపోతే ఇన్ని రోజులూ ఎందుకు విన్నావు?" అన్నాడు. "చెవులు రిక్కించుకుని మరీ విన్నావు. మేం చూశాం."

"చివరిది వస్తుందేమోనని."

"చివరిదంటే?"

అమ్మ కిటికీ వైపు తిరిగింది. మళ్ళీ మూసుకుపోయిందేమోనని అక్క భయపడింది. కానీ అమ్మ వెతుకుతున్నది మాటల కోసం కాదు. ఎక్కడ మొదలుపెడితే వీళ్ళు మధ్యలో అడ్డురారో చూసుకుంటోంది.

"బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసేదాన్ని. నీకు గుర్తుండదు, నువ్వు కడుపులో ఉన్నావు," అంది అక్కతో. "పొడుగాటి బల్ల. అటూ ఇటూ అందరం ఆడవాళ్ళమే. మెషిను ఆగినప్పుడల్లా పాడుకునేవాళ్ళం. సినిమా పాటలు కాదు. మేం కట్టుకున్నవే. సూపర్‌వైజరు మీసం మీద ఒకటి, గోడ గడియారం మీద ఒకటి. నేను ఒక ముక్క అంటే అందరూ అందుకుని తిప్పి కొట్టేవాళ్ళు."

"నువ్వు పాడేదానివా?" అన్నాడు తమ్ముడు.

"చూశావా, నీకది వింత."

తమ్ముడు ఫొటో అంచు మళ్ళీ తుడిచాడు.

"మీ నాన్న ఇక పని మానెయ్యమన్నాడు. మానేశాను. ఆఖరి రోజున షాపు నుంచి ఒక టేప్‌రికార్డర్ అడిగి పట్టుకెళ్ళాను. కొత్త క్యాసెట్ నేనే కొనుక్కున్నాను. బల్ల మీద పెట్టి, అందరం కలిసి ఒక వైపు నిండేదాకా పాడాం. నవ్వులే ఎక్కువ. ఇంటికొచ్చి క్యాసెట్ వీపున ఉండే ప్లాస్టిక్ రెక్కని పిన్నుతో విరిచేశాను."

"రెక్కేంటి అత్తయ్యా?" అంది మరదలు.

అక్క చెప్పింది. క్యాసెట్ వీపున, మూల మీద, గోరంత ముక్క ఒకటి ఉంటుంది. అది విరిచేస్తే రికార్డు బటన్ కిందికి దిగదు. ఆ క్యాసెట్ మీద ఇంకేమీ ఎక్కదు. మళ్ళీ ఎక్కించాలంటే ఆ కన్నం మీద కాగితం అంటించాలి. ఈ ఇంట్లో పిల్లలకి అక్షరాలకంటే ముందు అది తెలుసు. నాన్నే నేర్పాడు.

"మీ నాన్నకి ఒకరోజు ఖాళీ క్యాసెట్ కావాల్సొచ్చింది," అంది అమ్మ. "బయటికెళ్ళి కొనడానికి బద్ధకించాడు. నాది తీశాడు. కన్నం మీద కాగితం అంటించాడు. ఆయన పాటలు ఎక్కించుకున్నాడు."

"చూసుకుని ఉండడు," అన్నాడు తమ్ముడు వెంటనే.

"కాగితం చూసుకోకుండా అంటుకుంటుందా?"

"అంటే... పొరపాటున..."

"పొరపాటున కత్తిరించి, పొరపాటున జిగురు రాసి, పొరపాటున అంటించాడా? ఇన్ని పొరపాట్లు చేసేవాడి దగ్గరికి ఊళ్ళో రేడియోలన్నీ ఎలా వచ్చాయిరా?"

"అమ్మా, నాన్న అలాంటి మనిషి కాదు!"

"నీకు కాదు. నీకు నాన్న. నాకు నాన్న కాదు."

తమ్ముడి ముఖం ఎర్రబడింది. ఫొటోని మంచం మీద పెట్టాడు. మళ్ళీ తీసి చేత్తోనే పట్టుకున్నాడు. "పోయిన మనిషి జవాబు చెప్పుకోలేడు. ఎన్నయినా అనొచ్చు. బతికున్నప్పుడు ఎందుకు అడగలేదు?"

"అడిగాను. నవ్వాడు. బిస్కెట్ల పాటలే కదే, మళ్ళీ పాడుకోండి అన్నాడు. ఎవరితో పాడుకోను? అప్పటికి నేను వంటింట్లో ఉన్నాను. వాళ్ళు బల్ల దగ్గర ఉన్నారు."

బయట మెట్ల మీద ఎవరో బరువైనదేదో ఈడ్చుకుంటూ పోయారు.

"అయితే ఆయన పాటలు రీలు చివరిదాకా రాలేదు," అంది అమ్మ. ఈ మాట దగ్గర గొంతు మారింది. "చివర కాస్త మిగిలింది. ఆయన ఆఖరి పాట అయిపోగానే డబ్బా బోర్లించిన చప్పుడు. తర్వాత నేను. 'గంట కొట్టవే గడియారమా, కాళ్ళు మావి అరిగిపోయెనే' అని. తర్వాత అందరూ. ఆయన లేచొచ్చి బటన్ నొక్కేదాకా అది నాది. ఆయన కాలు తిమ్మిరెక్కిన రోజున ఇంకాస్త ఎక్కువ నాది. ఆయన పాటలు నేను విన్నానా అంటే విన్నాను. పొయ్యి దగ్గర గరిట పట్టుకుని, ఎప్పుడైపోతాయా అని ఒక్కొక్కటీ విన్నాను."

అక్క తల ఎత్తింది.

డబ్బా బోర్లించిన చప్పుడు.

విన్నది. ఆ చప్పుడు తను విన్నది. కంప్యూటర్ ముందు, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని. ఆఖరి పాట ముగిసింది, ఏదో దడాలున పడింది, ఆడవాళ్ళెవరో గోలగా నవ్వారు. పాత రికార్డింగు తాలూకు చెత్త అనుకుంది. మౌస్‌తో అంతా ఎంచి ఒక్క నొక్కుతో తీసేసింది. పాట చివర ఎంత శుభ్రంగా తెగిందో చూసుకుని ముచ్చటపడింది కూడా.

"అమ్మా," అంది. "అది... చివర రొదలా ఉందని..."

"నాకు తెలుసు. ఇవాళ తెలిసింది," అంది అమ్మ. "మొదట్లో వేరే పాట అడ్డొచ్చిందేమో అనుకున్నాను. మర్నాడు విన్నాను. ఆ మర్నాడు విన్నాను. ఆయన పాట అవుతుంది, ఊపిరి తీసుకునే సందైనా లేకుండా ఇంకొకటి మొదలవుతుంది. లేచొచ్చి బటన్ నొక్కడానికి ఆయనకి కాస్తయినా టైము పట్టేది. నీకు అదీ పట్టలేదు."

"తెలిసి చెయ్యలేదమ్మా!"

"తెలుసుకోనూ లేదు. రోజంతా పరాయివాళ్ళ చెవుల్లో గొట్టాలు పెట్టి వినిపించిందా, వినిపించిందా అని అడుగుతావట కదా. నన్ను ఒక్కసారి అడిగావా?"

అక్క నేల మీదే వెనక్కి జరిగింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ముందు తన మీద, తర్వాత గోడ మీద మేకు మీద, అక్కడ లేని నాన్న మీద, చివరికి అమ్మ మీద కూడా.

"ఎందుకు చెప్పలేదు మరి? ఇన్నేళ్ళూ! ఒక్క మాట! అటక మీంచి ఆ పెట్టె దించినప్పుడు నీ ఎదురుగానే దించాను. అప్పుడైనా, ఒసే, అందులో నా గొంతుంది అని చెప్పొచ్చుగా! చెప్పవు. ముడుచుకుని కూర్చుంటావు. మేం కనుక్కోవాలి. కనుక్కోలేకపోతే మేం రాక్షసులం!"

"గట్టిగా అరువు," అంది అమ్మ. "మీ నాన్నా అరిచేవాడు కాదు, మీరూ అరవరు. ఈ ఇంట్లో అరుపు లేకే నేనిలా అయ్యాను. ఇంకాస్త అరువు."

అక్క తెగిన వేలిని పిడికిట్లో మూసింది.

"వదినా," అంది మరదలు మెల్లిగా. "కంప్యూటర్లో తీసేశారు సరే. అసలు క్యాసెట్ ఉంది కదా?"

అక్క ఒక్క ఉదుటున లేచింది. "ఉంది! పెట్టె మొత్తం తిరిగి ఇచ్చేశాను. ఒరే, అటక మీదే ఉంది కదూ? నిచ్చెన తీసుకురా."

తమ్ముడు కదల్లేదు. గోళ్ళలో గ్రీజుని ఇంకో గోటితో తీస్తున్నాడు.

"నిచ్చెన తీసుకురారా!"

"అటక మీద లేదు."

"పారేశావా?"

"ఛ. నాన్నవి పారేస్తానా?"

"మరి?"

తమ్ముడు భార్య వైపు చూశాడు. మరదలు చీపురు గోడకి ఆనించి, చేతులు కట్టుకుంది. "నావైపు చూడకండి. మీరే చెప్పండి."

"నాన్న ఫొటో పెట్టిన రోజున రేడియో మెకానిక్కుల సంఘం వాళ్ళు వచ్చారు కదా," అన్నాడు తమ్ముడు. "అందరూ నాన్న గురించి మాట్లాడారు. ఫోన్లో ఎందుకు, నాన్న టేప్‌రికార్డర్ మీదే పట్టి ఉంచుదామనిపించింది. నాన్న క్యాసెట్ మీదే అయితే ఇంకా బావుంటుందని... నువ్వెలాగూ కాపీ చేసేశావు. ఇంక వాటితో పనేముంది అనుకున్నాను."

"ఏ క్యాసెట్?"

"మొదట చేతికొచ్చినవి పెట్టాను. బటన్ దిగలేదు. నాన్న అన్నింటికీ రెక్కలు విరిచేసుకున్నాడు కదా. ఒక్కదానికే..." అక్కడ ఆగిపోయాడు.

ఆ వాక్యాన్ని ఎవరూ పూర్తి చెయ్యనక్కర్లేదు. ఒక్కదానికే కాగితం అంటించి ఉంది. పెట్టె మొత్తంలో చెరపడానికి ఒప్పుకునే క్యాసెట్ అదొక్కటే.

అక్క నవ్వింది. ఆ నవ్వు ఆమెకే నచ్చలేదు. "నాన్న నీకు బాగానే నేర్పాడు."

"నీకూ నేర్పాడు! నువ్వు కత్తిరించలేదూ? మాట్లాడితే నేను! అమ్మని చూసేది నేను, మందులు తెచ్చేది నేను, తిట్లు తినేది నేను! నువ్వు వారానికోసారి వచ్చి, ఒక స్పీకరు పెట్టి, వీడియో తీసుకుని పోతావు!"

"చాలు," అంది అమ్మ. "ఎంతవరకు పట్టావు?"

"ఏంటి?"

"వాళ్ళ మాటలు. రీలులో ఎంతవరకు?"

తమ్ముడు నుదురు రుద్దుకున్నాడు. నుదుటి మీద నల్లటి గీత పడింది. "గుర్తులేదమ్మా. చాలాసేపే మాట్లాడారు. నేను ఆపానా, దానంతటదే ఆగిందా... తర్వాత వెనక్కి తిప్పి పెట్టేశాను."

"తీసుకురా."

పక్కగది బీరువాలోంచి టేప్‌రికార్డర్ తెచ్చి అమ్మ ముందు స్టూలు మీద పెట్టాడు. క్యాసెట్ లోపలే ఉంది. మూత తెరిచి అక్క దాన్ని బయటికి తీసింది. వీపున కన్నం మీద కాగితం పసుపు రంగుకి తిరిగి ఉంది. చాలా నీటుగా, అంచులు సరిపోయేలా కత్తిరించిన కాగితం. నాన్న పనితనం.

"ముందుకి పరిగెత్తిద్దాం," అన్నాడు తమ్ముడు. "చివరికి వెళ్ళి వింటే తెలిసిపోతుంది."

"వద్దు. పాత రీలు. తెగుతుంది," అంది అమ్మ. "మామూలుగా తిరగనీ. ఆయనవన్నీ అయ్యాకే నా వంతు వచ్చేది ఎప్పుడూ. ఇప్పుడూ అంతే."

"లేకపోతే నువ్వే మళ్ళీ పాడమ్మా," అంది అక్క ఆత్రంగా. "ఆ గడియారం పాట. నేను పట్టుకుంటాను, ఒక్క ముక్క కూడా పోకుండా..."

"నేను పాడతాను. తిప్పి కొట్టేదెవరు? నువ్వా?"

అక్క బటన్ నొక్కింది.

దగ్గు. కుర్చీల చప్పుడు. తర్వాత సంఘం పెద్దాయన గొంతు, సభలో మాట్లాడినట్టు సాగదీస్తూ. "...ఆయన చేతిలో పడ్డ ఏ రికార్డూ పాడయ్యేది కాదు. అంత జాగ్రత్త మనిషి. ఆ ఇంట్లో పాట ఆగేది కాదు. ఆ ఇల్లాలు అదృష్టవంతురాలని నేను ఎప్పుడూ అంటుండేవాణ్ణి..."

"ఈయనకి చక్కెర తక్కువని మూడుసార్లు టీ మార్చాను," అని గొణిగింది మరదలు. "అప్పుడే తెలిస్తే ఉప్పేసేదాన్ని."

ఎవరూ నవ్వలేదు, అమ్మ తప్ప. అమ్మ పెదవి ఒక పక్కకి కాస్త లేచి, మళ్ళీ దిగింది.

ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. నాన్న ఓపిక. నాన్న నిజాయితీ. నాన్న ఇంట్లో గొంతెత్తి ఎరగడు. ఒక్కో మాటకీ తమ్ముడి తల ఇంకాస్త కిందికి దిగింది. వెలుతురు కిటికీ మీంచి గోడ మీదికి, గోడ మీంచి ఖాళీ మేకు మీదికి జరిగింది. అమ్మ తల పక్కకి వంచి, కళ్ళు మూసుకుని వింటోంది. అక్క ఫోన్లో తీసుకున్నది సరిగ్గా ఈ ముఖాన్నే.

"రేపు వాళ్ళని రమ్మను," అంది అమ్మ కళ్ళు తెరవకుండా. "నా పాట ఉంటే దీన్ని చంకన పెట్టుకుని పోతాను. లేకపోతే మీరు నన్ను పంపలేరు. ఈ కుర్చీలోనే కూర్చుని, రోజుకొక అద్దం పగలగొడతాను."

చప్పట్లు. చివరి మనిషి మాట్లాడటం అయిపోయింది. రీలు ఇంకా మిగిలే ఉంది. అక్క మోకాళ్ళ మీద వంగి చిన్న కిటికీలోంచి చూసింది. ఎడమ చక్రానికి వేలెడు మందాన చుట్టుకుని ఉంది. వేలెడు అంటే చాలు. చాలా ఎక్కువ కూడా.

ఇప్పుడు ఆపాలి. ఇక్కడ తమ్ముడు బటన్ నొక్కి ఉండాలి. నొక్కకపోతే ఆ వేలెడూ చెరిగిపోయినట్టే.

చెప్పుల చప్పుడు. వీడ్కోళ్ళు. ఎవరిదో దగ్గర గొంతు: "బాబూ, ఇదింకా తిరుగుతున్నట్టుంది. ఆపెయ్యనా?"

తర్వాత తమ్ముడి గొంతు. హుషారుగా, మర్యాదగా, అచ్చం నాన్న గొంతులా.

"ఉండనివ్వండి అంకుల్. మిగతాదంతా ఖాళీయే కదా."

గదిలో తమ్ముడి చెయ్యి బటన్ మీదికి వెళ్ళింది. ఆ మాట వెనక్కి లాక్కోగలనన్నట్టు వెళ్ళింది. అది చేరేలోపే అమ్మ అతని మణికట్టు పట్టుకుంది. నిన్నటిదాకా గ్లాసైనా ఎత్తని చెయ్యి అది. గోళ్ళు దిగాయి.

"తియ్యి," అంది. "తిరగనీ."

టేపులో తలుపు మూసుకుంది. మిగిలింది బుస ఒక్కటే. ఎడమ చక్రం మీద రీలు పలచబడి, కింద చక్రం తెల్లటి ప్లాస్టిక్ బయటపడుతోంది.